నేతగాళ్ళ వరుసలో గులాబీ తలుపు

"నన్ను వీధిలో పడేస్తున్నారమ్మా!" అంటూ తడిసిన గొడుగుతో సహా ఎడ్నా పర్కిస్ ఆఫీసులోకి ఊడిపడింది.

డిటెక్టివ్ హెస్టర్ బ్రిండిల్ ఆమెను కూర్చోబెట్టి సంగతంతా రాబట్టింది. నెదర్‌కోంబ్‌లో నేతగాళ్ళ వరుస అంటే గోడకు గోడ ఆనుకున్న ఎనిమిది ఇళ్ళు, రెండు వందల ఏళ్ళనాటివి. అన్నీ ట్రస్టువే. వీధివైపు రంగు మార్చినవాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాలని షరతు. నలభై ఏళ్ళుగా ఆకుపచ్చగా ఉన్న ఎడ్నా తలుపు మంగళవారం తెల్లారేసరికి గులాబీ రంగులో మెరిసిపోతోంది. ఈ సాయంత్రమే ట్రస్టు కమిటీ తీర్పు.

"ఈ చేతులతో జాడీ మూతే తియ్యలేను, తలుపుకి రంగేస్తానా?"

హెస్టర్, ఆమె సహాయకుడు నైజెల్ వెంటనే బయల్దేరారు. వీధిలోంచి చూస్తే ఆ ఇంటికి మేడమీద మూడు కిటికీలు. లోపల మేడెక్కితే అటో గది, ఇటో గది. మధ్య నడవాలో మిట్టమధ్యాహ్నం కూడా చిమ్మచీకటి. నైజెల్ తల ఠపీమని దూలానికి తగిలింది.

"దీపం వేసుకోవాలి బాబూ!" అంది ఎడ్నా.

"ఈ బొప్పి పనికొస్తుంది," అంది హెస్టర్. నైజెల్‌కి ఏమీ అర్థం కాకపోయినా, మేడం మెచ్చుకుందని మురిసిపోయాడు.

సాక్షి ఒక్కడే, ట్రస్టు కార్యదర్శి బేసిల్ థ్రప్. తన చెల్లెలి కోసం ఆ ఇంటి మీద కన్నేశాడని ఊరందరికీ తెలుసు.

"మంగళవారం పొద్దున ఏడింటికి ఏం చూశారు?"

"మధ్య కిటికీలోంచి ఈవిడే తల బయటపెట్టి, 'తలుపు ముట్టుకోకు, రంగు ఆరలేదు' అని అరిచింది!"

"మధ్యదేనా?"

"సరిగ్గా తలుపు పైదే. నాకేం చత్వారమా?"

"లోపలికి ఎప్పుడైనా వెళ్ళారా?"

"నాకేం పనండీ? నా బాధ్యత వీధివైపు వరకే."

సాయంత్రం హెస్టర్ కమిటీని వీధిలోనే నిలబెట్టి, నిచ్చెన వేయించింది.

"బేసిల్ గారూ, ఎక్కి ఆ మధ్య కిటికీ ఓసారి తట్టండి."

తట్టాడు. గాజు చప్పుడు కాలేదు. వేళ్ళు మాత్రం నొప్పెట్టాయి.

"అది గోడ," అంది హెస్టర్. "కిటికీలకు పన్ను కట్టించుకునే రోజుల్లో ఇటుకలతో మూసేశారు. వీధివైపు అందం చెడకూడదని దానిమీద అద్దాలూ చట్రాలూ రంగుతో గీశారు. అందుకే నడవాలో చీకటి, అందుకే నైజెల్‌కి బొప్పి. మరి గోడలోంచి ఈవిడ తలెలా పెట్టిందండీ? మీ బూటు అడుగున ఆ గులాబీ మరక ఏమిటి?"

నిచ్చెన కింద నిలబడ్డ అందరూ తలలెత్తి చూశారు.

"ఒక్క పూతే వేశాను..." అని నసిగాడు బేసిల్.

"ఈయన కిటికీ కథ నాకు ముందే చెప్పుంటే, అది గోడని నేనే చెప్పేదాన్నిగా!" అంది ఎడ్నా.

ఇల్లు ఆమెదేననీ, చీకటి పడేలోగా బేసిలే ఆకుపచ్చ వెయ్యాలనీ కమిటీ అధ్యక్షురాలు తేల్చేసింది. "నిజంగా? నేనిక్కడే ఉండొచ్చా?" అంటూ ఎడ్నా బావురుమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని అందరికీ టీ పోసింది. కుంచె పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్న బేసిల్‌కీ ఒక కప్పు ఇచ్చింది.

అందులో పంచదార మాత్రం వెయ్యలేదు.