సిపాయి సింగారం నడక

ఆ ఆదివారం ఉదయం తమిళనాడులోని నల్లంపల్లిలో తిమ్మరాయన్ ఇంట పట్టాభిషేకానికి తగిన ఏర్పాట్లు సాగుతున్నాయి. సింహాసనంగా ఇనుప బల్ల, దాని మీద టీవీ, టీవీకి కనకాంబరాల దండ. అభిషేకం జరగవలసింది ఆ ఇంటి ఏకైక పుత్రుడు జయరామకు. పెళ్లిళ్లకు మైక్ సెట్టు అద్దెకిస్తూ, తీరిక దొరికితే ఊరివాళ్ల గొంతులు అనుకరించి నవ్వించే అతణ్ణి చెన్నై కంపెనీ ఒకటి టీవీ సినిమాలోకి తీసుకుంది. యుద్ధం మీద హాస్యచిత్రం. అందులో అతడు సిపాయి సింగారం; ఆ మధ్యాహ్నమే టీవీలో ప్రసారం. షూటింగులో తుంబలహళ్లి ఆనకట్ట వారం పాటు దేశ సరిహద్దుగా సేవలందించింది. పాలకోడు టమాటాలు వీరుల నెత్తురుగా ప్రవహించాయి.

"వీధంతా పిలిచినావు, ఇంతమందికి చాయ ఎవరు పెడతారు?" అంది భార్య శశికళ.

"సింగారం పెళ్లాం పెడతాది. నువ్వింగ మామూలు ఆడదానివి కాదే, స్టారు పెళ్లానివి."

"స్టారుకు చొక్కా గుండీ ఊడింది. ముందు అది చూసుకో."

తిమ్మరాయన్ అరుగు మీద గడ్డం గీసుకుంటున్నాడు. డెబ్బయ్యొకటి యుద్ధం చూసి వచ్చిన సిపాయి. పట్టాళం లారీ మీంచి పడ్డాననీ, అప్పటినుంచే ఎడమ కాలు ఈడ్చి నడుస్తున్నాననీ చెబుతాడు. యుద్ధం గురించి మెలకువలో అంతకుమించి మాట్లాడడు. నిద్రలో మాత్రం, "ఆంజీ, అరవద్దురా... నేను రాలేనురా!" అని కేక పెడతాడు. వెంటనే భార్య గోపమ్మ ముఖాన నీళ్లు చల్లి లేపుతుంది. ఏళ్లుగా ఆ ఇంటి ఆచారమది.

"నాయనా, ముందు కుర్చీ నీదే," అన్నాడు జయరామ.

"పట్టాళం కథ అంటివి. అందులో నవ్వు ఎక్కడ వస్తాదిరా?"

"వస్తాది, చూడు."

ఆ మాట అన్నాక జయరామ తండ్రి వైపు చూడకుండా టీవీ మీది దండ సర్దాడు. షూటింగులో డైరెక్టరు, "బండి కింద దాక్కుని భయంతో మీ ఇంటి భాషలో ఏదైనా అరిచెయ్. జనానికి అర్థం కాకపోతేనే నవ్వు," అన్నాడు. అప్పటికే నడక కావలసివస్తే తండ్రి నడక తీసుకున్నాడు. కేక కావలసివస్తే తండ్రి కేక తీసుకున్నాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇంటి భాష ఇంట్లోనే ఉండిపోతుందని అతని నమ్మకం. టీవీ వచ్చి కూర్చునేది కూడా ఇళ్లలోనే అన్న సంగతి ఆ మహానటుడికి తట్టనే లేదు.

మధ్యాహ్నానికి నడవ నిండింది. చివరింటి మాదేశ్వరి వాకిలి పక్కన కూర్చుంది. ఆమె అన్న ఆంజనేయన్ తిమ్మరాయన్‌తోపాటే పట్టాళంలో చేరి, తిరిగి రాలేదు. "గుండు తగిలిన క్షణమే పోయినాడమ్మా, బాధే పడలేదు," అని నాడు తిమ్మరాయన్ చెప్పిన మాటే ఆమెకు ఇన్నేళ్లూ ఆసరా.

తెర మీద సింగారం ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అచ్చం మీ నాయనేరా!" అని పొరుగింటి మునియన్ తొడ చరిచాడు. అందరూ నవ్వారు. తిమ్మరాయన్ కూడా పెదవి కదిపాడు. జయరామ లేచాడు. టీవీ ఆపేయాలనుకున్నాడు, అంతలోనే సింగారం బండి కింద దూరి, కళ్లు తేలేసి అరిచాడు:

"ఆంజీ, అరవద్దురా... నేను రాలేనురా!"

నడవలో నవ్వు సగంలో తెగిపోయింది. టీవీలో అతికించిన నవ్వు మాత్రం సిగ్గులేకుండా సాగింది.

మాదేశ్వరి లేచి నిలబడింది. "అన్నా, అప్పుడే ప్రాణం పోయింది అంటివి గదా? వాడు అరిచినాడా?"

తిమ్మరాయన్ తల ఎత్తలేదు. ఆమె వెళ్లిపోయింది. వెనకే వీధంతా, చాయ గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టి, వెళ్లిపోయింది.

గోపమ్మ టీవీ ఆపేసింది. "నిద్రలో మనిషి నోట్లోంచి జారిపోయినదాన్ని ఏరుకొని పోయి అమ్ముకొంటివా రా?"

"డైరెక్టరు అడిగినాడు మా... ఎవురికీ అర్థం కాదనుకొంటి."

"మాకు అర్థమవుతాది గదరా. మేము ఎవురికీ లెక్కలేదా?"

తండ్రి తిడితే బాగుండునని జయరామకు అనిపించింది. తిమ్మరాయన్ తిట్టలేదు. చెప్పులు తొడుక్కున్నాడు.

"రా, పోదాం," అన్నాడు కొడుకుతో.

మాదేశ్వరి వాకిట్లో గోడకానుకుని ఉంది. తిమ్మరాయన్ నిలబడే చెప్పాడు.

"అబద్ధం చెప్పినానమ్మా. అరిచినాడు. నీళ్లు అడిగినాడు. చుట్టూ గుండ్లు పడతా ఉండె. రాలేనురా అంటి." కొడుకు వైపు చేయి చూపాడు. "వీనికి తెలిసింది ఇంతవరకే. దీని తరువాతది మా ఇంట్లో ఎవురూ వినలేదు. అప్పటికే నీళ్లు చల్లి లేపేస్తారు."

"తరువాత ఏమాయె?"

"పోయినాను. పాక్కుంటా పోయినాను. దోవలో కాలికి తగిలె. నా తొడ మీద తల పెట్టుకొని నీళ్లు తాగినాడు. మా చెల్లి మాదేశుకు చెప్పు అన్నాడు. ఏం చెప్పాలో చెప్పకనే పోయినాడు."

"లారీ మీంచి పడినానంటివే నాయనా?" అన్నాడు జయరామ.

"లారీ లేదు, గీరీ లేదు. కాలి సంగతి చెప్తే వాని సంగతీ చెప్పాల్సి వస్తాది."

మాదేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు తీరాక, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి తిమ్మరాయన్ చేతిలో పెట్టింది. "బాధ పడలేదంటే నమ్మితి అన్నా. ఐనా ఒంటిగా పోయినాడే అని లోపల కుమిలిపోతా ఉంటి. నువ్వు పక్కన ఉంటివా! అది చాలు నాకు."

అప్పుడు జయరామ వైపు తిరిగింది. "ఏరా సింగారం, ఆ నడక నా ముందర నడువు. చూస్తాను."

తమిళనాడంతటా నడిచి చూపిన ఆ నడకలో ఒక్క అడుగు కూడా అతని కాలికి రాలేదు.

"రాదు అత్తా," అన్నాడు. కళ్లనీళ్లు చొక్కా మీద పడ్డాయి.

"సరి. నాయన్ను పట్టుకొని పో."

ఎన్నడూ ఎవరి ఆసరా కోరని తిమ్మరాయన్ కొడుకు భుజం మీద చేయి వేశాడు. ఆ పూట వీధిలో ఎవరూ నవ్వలేదు. తండ్రి ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి నేల మీద ఆనేదాకా ఆగి, ఆ తరువాతే జయరామ తన అడుగు వేశాడు; ఇల్లు చేరేదాకా అలాగే వేశాడు.