కాసినా సందులో తెరిచిన తలుపు

అమెరికాలోని చార్ల్‌స్టన్ పాతపేటలో టూరిస్టులను కంచరగాడిద బండ్లలో తిప్పే బండివాళ్ళు కాసినా సందు మలుపు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. అక్కడ ఆకుపచ్చ వీధి తలుపున్న ఇల్లొకటి ఉంది. నలభై ఏళ్ళుగా తాళం. టూరిస్టులు ఎగబడి ఫోటోలు తీసుకుంటారు. బండివాళ్ళు మాత్రం అటు చూడరు.

ఆ ఊళ్ళో వీధి తలుపు దాటగానే ఇల్లు రాదు, ఇంటి పక్కగా సాగే పొడుగాటి వరండా వస్తుంది. సాయంత్రం పూట ఆ తలుపు తెరిచి పెట్టారంటే, రండి కూర్చోండి అని అర్థం. మూసి ఉంటే ఎవరూ తట్టరు.

తాళం వేసిన ఆ ఆకుపచ్చ తలుపు కూడా ఒక్కో సాయంత్రం తెరిచి ఉంటుందట...

ఎర్లీన్ బండి తోలే పనిలో చేరి ఆరు నెలలే, ఆ ఇంటి కథ ఆమెకింకా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు పిల్లను చూసుకునే ఆవిడ రాలేదు. ఏడేళ్ళ కూతురు ఓపల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆఖరి బండి కట్టింది. వెనక ఒహాయో నుంచి వచ్చినవాళ్ళు ఆరుగురు. దీపాలు వెలిగే వేళ.

సందు మలుపులో కంచరగాడిద టక్కున ఆగిపోయింది.

"ఏరా డ్యూక్, నీకు కూడా దెయ్యాల కథ కావాలా?" అంది ఎర్లీన్. వెనకవాళ్ళు నవ్వారు.

గిట్టలో రాయి ఇరుక్కుందేమోనని దిగి వంగింది. నాలుగు గిట్టలూ చూసింది. ఏమీ లేదు.

తలెత్తేసరికి... సీటు ఖాళీ. ఓపల్ లేదు.

"పాపా? అదిగో, ఆ తలుపులోకి వెళ్ళింది," అన్నాడు ఒకాయన. "తెరిచే ఉందిగా!"

పగ్గాలు ఆయన చేతుల్లో పడేసి ఎర్లీన్ పరిగెత్తింది.

వరండా అంతా చీకటి. చివర, ఊగే కుర్చీలో ఒక ముసలావిడ. ముఖం కనిపించడం లేదు. ఆవిడ కాళ్ళ దగ్గర ఓపల్ మఠం వేసుకుని కబుర్లు చెబుతోంది.

ఎర్లీన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంటివాళ్ళెవరో తిరిగొచ్చినట్టున్నారు అనుకుంది.

"ఏమనుకోకండి మేడమ్. మా పిల్ల, తలుపు తెరిచి ఉంటే చాలు, ఆగదు."

"ఎన్నాళ్ళకో ఒకరొచ్చారు..." గొంతు గాలిలా ఉంది. "అప్పుడే వెళ్ళిపోతారా?"

"బండిలో జనం ఉన్నారండీ. మీరూ ఓసారి మా ఇంటికి రండి."

గుమ్మం దాటుతూ ఆ ఊళ్ళో ఎవరైనా అనే మాటే అది. అనకపోతే అమ్మమ్మ చెవి మెలిపెట్టేది.

కుర్చీ ఊగడం ఆగింది.

"వస్తాను," అంది ముసలావిడ.

ఆ రాత్రి బండ్ల కొట్టంలో డ్యూక్‌ని తోముతున్న ఎజ్రా మామకి ఎర్లీన్ ఇదంతా నవ్వుతూ చెప్పింది. ముప్పై ఏళ్ళు బండి తోలినవాడు. ఆయన చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"ఆ ఇంట్లో ఎవరూ లేరే, పిచ్చిదానా! అది లవీనియా, ఎప్పుడో చచ్చిపోయిన మనిషి. మా తాతల కాలంలో విషజ్వరాలొచ్చిన ఏడాది ఆమె పిల్లలు ముగ్గురూ పోయారు. అంటుకుంటుందని భయపడి ఊళ్ళో ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు. అప్పట్నించీ, పోయాక కూడా, అలా తలుపు తీసి కూర్చుంటుంది. వెళ్ళినవాళ్ళని ఏమీ చెయ్యదు. మర్యాదస్తురాలు... కానీ పిలిస్తే వస్తుంది."

"వస్తే?"

"ఆమె అడుగుపెట్టిన ఇంట్లో పసివాళ్ళకి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంది. తెల్లారేసరికి..." ఆయన చూపు ఓపల్ మీద పడింది. "నువ్వు పిలవలేదుగా?"



"రమ్మన్నాను మామా... అందరం అంటాం కదా... మాటవరసకి..."

ఎజ్రా బ్రష్ పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇల్లెక్కడో చెప్పావా?"

"లేదు! పేరు కూడా చెప్పలేదు."

"హమ్మయ్య!" ఆయన గట్టిగా నవ్వేశాడు. "ఇంకేం భయం లేదు, పో. ఈ ఊళ్ళో ఎన్ని వేల గుమ్మాలని వెతుక్కుంటుంది పాపం!"

ఎర్లీన్ కూడా నవ్వింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని గట్టిగా హత్తుకుంది.

"నేను చెప్పానమ్మా," అంది ఓపల్. "ఆవిడ అడిగింది."

"ఏం... ఏం చెప్పావ్?"

తప్పిపోతే పెద్దవాళ్ళకి చెప్పమని వందసార్లు అమ్మ వల్లె వేయించిన చిరునామా. వీధి పేరు, ఇంటి నంబరు, మెట్లెక్కాక ఎడమవైపు రెండో తలుపు... ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పింది ఓపల్. మెచ్చుకుంటుందేమోనని అమ్మ ముఖంలోకి చూసింది.