కుడి డొక్కలో కిరాయిదారు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నాంపల్లి మీద ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకే స్టేషను వెనక సందులో దీపాలు వెలిగాయి. రాత్రి అయిందనుకున్న గుడ్లగూబ ఒకటి పాడుబడిన లాడ్జి పిట్టగోడ మీద వాలి, గొంతు చించుకుని అరిచింది. ఆ లాడ్జి మేడగదిలో, నేల మీద గీసిన కుంకుమ ముగ్గు నడుమ ఒక కపాలం... దాని నుదుట రక్తచందనం... దాని పళ్ల సందున శనగగింజంత రాయి!

ఆ రాయి శశికళ కడుపులోది.

ఆపరేషన్ అయిన రోజు ఆమె పిత్తాశయంలో దొరికిన రాళ్లను దవాఖానవాళ్లు చిన్న సీసాలో వేసి భర్త బాలకిషన్ చేతికిచ్చారు. అందరికీ అలాగే ఇస్తారు. అందరూ చుట్టాలకు చూపించి, కొన్నాళ్లకు పారేస్తారు. బాలకిషన్ పారేయలేదు. ఆబిడ్స్‌లో తన గడియారాల దుకాణంలో, అద్దాల కౌంటరులో, కొత్త వాచీల పక్కన పెట్టాడు. "చూసిన్రా, మా ఆమె కడుపులకెల్లి తీసిన్రు. ఎంత ఓర్చుకున్నదో!" అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. వాచీ బాగుచేయించుకోవడానికి వచ్చిన జనార్దన్, దిష్టి తీస్తానంటూ ఒక రాయి అడిగితే, సంతోషంగా ఇచ్చేశాడు. అడిగినవాడు క్షుద్రోపాసకుడని ఆ అమాయకుడికి తెలియదు.

ఆ రాత్రే మొదలైంది! కుడి డొక్క కింద, ఏ అవయవాన్ని కోసి తీసేశారో సరిగ్గా అక్కడే, ఎవరో లోపలి నుంచి గోళ్లతో గీకుతున్నట్టు నొప్పి... నాలుగు మెతుకులు దిగితే చాలు, శశికళ మెలికలు తిరిగిపోయేది. స్కానింగులు తీశారు. ఏమీ కనిపించలేదు. "గ్యాస్ అమ్మా, ఎక్కువ ఆలోచించకండి" అన్నాడు డాక్టరు, ఫోను చూసుకుంటూ. కోర్టులో టైపిస్టుగా ఆమె చాలామంది అబద్ధాలు టైపు చేసింది. ఇంత తీరిగ్గా చెప్పిన అబద్ధం మాత్రం ఎప్పుడూ వినలేదు.

చివరికి జనార్దనే మళ్లీ దుకాణానికి వచ్చి, నొప్పి తీసేస్తానన్నాడు. భార్యనూ, బడికి పోయే కూతురు మనస్వినినీ వెంటబెట్టుకుని లాడ్జికి రమ్మన్నాడు.

ఇప్పుడు ఆ ముగ్గురి ఎదుట కూర్చున్నాడు... ఎర్ర పంచె, ఎముకల దండ, ఆ దండ కింద పాన్ మరకల బనియను. కపాలం పళ్ల సందున రాయిని చూడగానే, వీడి చేతిలోనా ఇన్నాళ్లూ నేను చచ్చి బతికింది అనుకుంది శశికళ. భయం కంటే ముందు ఆమెకు రోత కలిగింది.

"ఏమయ్యా, ఆ నోట్ల ఉన్న రాయి నాదేనా?"

"ఔ, నీదే." వాడు దాచలేదు; తన గొప్ప చెప్పుకోవడానికి మనుషులు దొరికారు. "దవాఖానోళ్లు నీ పిత్తం తిత్తి కోసి పారేసిన్రు. లోపట ఒక అర్ర ఖాళీ అయింది. గందుల నా దయ్యాన్ని కిరాయికి పెట్టిన. నేను పొమ్మంటెనే పోతది."

"మరి పొమ్మను."

"పొమ్మంట. దానికి ఇంకో ఇల్లు గావాలె గద?" వాడి చూపు మనస్విని మీదికి పాకింది. "లేత కడుపు. శానేండ్లు ఉంటది."

పిడుగు పడింది! గది కిటికీలు గడగడలాడాయి.

"గట్ల జెప్పలే గదా నువ్వు! దిష్టి అన్నవ్, స్వామీ!" బాలకిషన్ గొంతు ఏడుపులోకి దిగింది.

"నోర్ముయ్! జరిగినవంటె నెత్తురు కక్కుకొని సస్తవ్!"

తలుపు దానంతటదే మూసుకుంది. బాలకిషన్ కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. కూతురిని గుండెకు హత్తుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. జనార్దన్ గుప్పెడు కుంకుమ కపాలం మీద చల్లి, బెత్తంతో నేలను కొట్టాడు. శశికళ జుట్టు విడిపోయింది... కళ్లు చింతనిప్పులయ్యాయి... ఆమె నోట్లోంచి ఇంకొక స్త్రీ కంఠం వెలువడింది!

"పోను... పసిపిల్ల కాడికి పోను..."

"పోశవ్వా! ముసలి ముండా! నిన్ను, నీ పుర్రెను కాటికెల్లి తెచ్చినోణ్ణి నేను! పో!"

బెత్తం మళ్లీ లేచింది. కట్టుబడిన ప్రేతం ఎంతసేపని ఎదురుతిరుగుతుంది? మనస్విని కుడి డొక్క పట్టుకుని కుప్పకూలింది.

"మమ్మీ! కడుపుల గుచ్చుతుంది మమ్మీ!"

ఆ కేకతో శశికళకు తెలివి వచ్చింది. ముందుకు దూకి కపాలం నోట్లోంచి రాయిని లాగింది.

జనార్దన్ ముఖం పాలిపోయింది. "ముట్టకు! అది పగిల్తే నీ పాణం పోతది!"

అది నిజమో, బెదిరింపో ఆమెకు తెలియదు. కూతురి వైపు ఒక్కసారి చూసింది.

"నా ఒంట్లకెల్లి తీసిన చెత్తరా ఇది. దీన్ని అడుక్కొచ్చి పూజ జేస్తున్నవా? మున్సిపాలిటోళ్లు నీకంటె నయం. చెత్తను చెత్త అంటరు."

రెండు వేళ్ల మధ్య నలిపింది. రాయి పొడిపొడిగా రాలిపోయింది...

శశికళ ప్రాణం పోలేదు. పోయింది నొప్పి! తల్లి డొక్కలో మిగిలినదీ, బిడ్డ కడుపులో చేరినదీ ఒకేసారి లేచిపోయాయి. దీపం నీలంగా మండింది. కపాలం మెల్లగా, తనంతట తానే, జనార్దన్ వైపు తిరిగింది!

కట్టు తెగిన ప్రేతాన్ని ఆపే మంత్రం ఒకటుంది. వాడు నేర్చుకోలేదు. ముసలిదాని దయ్యమే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

"పోశవ్వా... ఆగు... అవ్వా... నీ కాల్మొక్త..."

డొక్క పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. చర్మం కింద ఏదో నడిచింది! కళ్లు పసుపుపచ్చనయ్యాయి, తర్వాత ముఖం, తర్వాత గోళ్లు... నోట్లోంచి పచ్చటి పైత్యం కట్టలు తెంచుకుంది. వాడి ఆర్తనాదాన్ని రెండో పిడుగు మింగేసింది. వెలుగు తగ్గాక చూస్తే, పసుపు మడుగులో ఎర్ర పంచె, అందులో ఎండుపుల్లల్లాంటి శరీరం!

తలుపు తెరుచుకుంది. బయట వాన మొదలైంది.

"శశీ... నాకు తెల్వక..." అన్నాడు బాలకిషన్.

"తర్వాత ఏడువు. పిల్లనెత్తుకో."

ఆమె వంగి, కపాలం నుదుటి చందనాన్ని తుడిచింది. చున్నీ తీసి, చంటిపిల్లకు చుట్టినట్టు చుట్టింది. "ఇన్నొద్దులు వాని చేతుల దెబ్బలు తిన్నది. గీడ ఇడిచిపెట్టి పోతమా?"

సందు చివర ఆటో ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ముగ్గురా అక్కా?" అన్నాడు.

శశికళ ఒళ్లోని మూటను వాన తగలకుండా దగ్గరికి తీసుకుంది.

"నలుగురం. పురానాపూల్ శ్మశానానికి పోనియ్యి."