తిట్లు మాత్రమే వినబడే రాజ్యం

కుంతలగిరి రాజ్యంలో జనానికి చెవులు పోయాయి. పూర్తిగా పోయినా బాగుండేది, పిల్లలూ! పోయింది మంచిమాట వినే చెవి. ఎదుటివాడిని తిట్టే తిట్టు మాత్రం నాలుగు వీధుల అవతల నుంచి కూడా శుభ్రంగా వినిపించేది.

ఆ రాజ్యపు రాజు పిల్లలు లేకుండా కన్నుమూశాడు. అలాంటప్పుడు జనమే ఏలికను ఎన్నుకోవాలని అక్కడి ఆచారం. పోటీకి నిలబడ్డవాళ్ళు పెద్దచెరువు కట్ట మీద ఒక పగలంతా తట్టలతో మట్టి మోయాలి. జనం అది చూసి, అడగవలసింది అడిగి, నచ్చినవారి కుండలో చింతగింజ వేయాలి. తాతలనాటి ఆ పద్ధతి ఈ తరానికి విసుగనిపించింది. "మట్టి మోస్తుంటే చూడ్డానికేముంది?" అని మట్టిమోత తీసేసి తిట్ల సభలు పెట్టుకున్నారు. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా ఇది?

సేనాపతి ఉద్దండుడు వేదికెక్కి, కోశాధికారి కపటసోముడు గుడి నేతితో గారెలు వండించుకుంటాడన్నాడు. కపటసోముడు లేచి, ఉద్దండుడు యుద్ధంలో గడ్డివాములో దూరాడన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్విన ప్రతివాడికీ ఆ క్షణం నుంచి తిట్టు తప్ప మరే మాటా వినిపించలేదు. చనిపోయిన రాజు మేనకోడలు ప్రియంవద కూడా పోటీలో ఉంది. కట్ట బలహీనపడిందనీ, వానలకు ముందే బాగు చేయాలనీ ఆమె గొంతు చించుకుని చెప్పింది. అందులో తిట్టు లేదు కదా, ఎవరి చెవినా పడలేదు. "పాపం, ఈవిడకు మాట్లాడటమే రాదు" అనుకున్నారు ఆ మహానుభావులు.

కట్ట కింది వాడలో పడవ నడిపే ఓబుళమ్మ ఉండేది. ఆమె సభకెళ్ళి నవ్విన రోజున కూతురు చెంగల్వ పడవ దగ్గర కాపలా ఉంది కనుక ఆ పిల్ల చెవులు మిగిలాయి. ఒక ఉదయం కట్టలోంచి నీరు ఊరడం చూసి చెంగల్వ పరుగున ఇంటికి వచ్చింది.

"అమ్మా! కట్ట కారుతోందే!"

ఓబుళమ్మ తలెత్తలేదు. చెంగల్వ ఆమెను చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఆ చెమ్మ చూపించింది. ఓబుళమ్మ కళ్ళారా చూసి, "ఇది ఆ కపటసోముడి పనే, వాడి నోట్లో మన్నుపడ!" అని హాయిగా తిట్టుకుని ఇంటికొచ్చేసింది. కన్నతల్లికి తన ఏడుపు కూడా వినిపించకపోతే ఎలా ఉంటుందో చెంగల్వకు ఆ రోజు తెలిసింది. కట్ట తెగితే మొదట మునిగేది వాళ్ళ గుడిసే.

మందు వెతుక్కుంటూ ఆ పిల్ల అడవిలోకి నడిచింది. అక్కడ ఒక ముని చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు.

"మీ ఊరి రొద ఇక్కడిదాకా వస్తోంది, అందుకే ఈ దూది" అన్నాడు ముని దూది తీస్తూ. "ఇదంతా నల్లకొండ గుహలో ఉన్న దూషకుడనే రాక్షసుడి మాయ. విరుగుడు వాడికే తెలుసు. కానీ వాడి మాటలకు నవ్వావంటే నీ చెవులూ పోతాయి, జాగ్రత్త!"

నల్లకొండకు ముందు పెద్ద లోయ అడ్డమొచ్చింది. ఒడ్డున గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. దాని రెండు తలలూ కొట్లాడుకుంటున్నాయి.

"నీ వల్లే మనం ఎగరడం లేదు" అంది ఎడమ తల.

"పొద్దస్తమానం తిని బలిసింది నువ్వు కాదూ?" అంది కుడి తల.

చెంగల్వకు ఒళ్ళు మండింది. "ఎవరిది తప్పో నేనడగలేదు. లోయ ఎలా దాటిస్తారో చెప్పండి" అంది.

రెండు తలలూ బిక్కమొహం వేశాయి. ఆ మాట వాటినెవరూ అడగలేదట. "రెక్కలు రెండూ ఒకేసారి ఆడిస్తే సరిపోతుందేమో" అన్నాయి. సరిపోయింది. పక్షి ఆమెను గుహ ముందు దించి అక్కడే ఆగింది.

గుహలో దూషకుడు తిట్లను ఉండలుగా చుట్టి రెండు గంపల్లో సర్దుతున్నాడు. "ఈ గంప ఉద్దండుడికి, ఆ గంప కపటసోముడికి. ఇద్దరూ నా దగ్గరే పట్టుకెళ్తారు" అన్నాడు గర్వంగా. ఆపైన కపటసోముడు గారెలు తినే తీరు అభినయించి చూపించాడు. నవ్వు తన్నుకొచ్చింది. చెంగల్వ పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"బాగానే ఉందిగానీ, గెలిచాక వాళ్ళేం చేస్తారు?" అని అడిగింది.

"నాకేం తెలుసు? కొనేవాళ్ళూ అడగలేదు, వినేవాళ్ళూ అడగలేదు!"

"మరి నువ్వేం చేస్తున్నావు? నీ చేతులతో ఒక్క మంచి పని చేశావా, పనికిమాలినవాడా?"

రాక్షసుడు జానెడు కుంగిపోయాడు. "నన్ననకు! ఊరందర్నీ అను, నన్ను మాత్రం అనకు! ఎవరి తప్పు వాళ్ళకే గుచ్చుకుంటే నా మాయ నిలవదు!" అని అరిచి, నోరు జారినందుకు నెత్తి బాదుకున్నాడు.

పక్షి మీద చెంగల్వ తిరిగి వచ్చేసరికి ఆకాశం నిండా మబ్బులు పట్టాయి. ఊరంతా ఆఖరి తిట్ల సభలోనే ఉంది. ఆమె వేదికెక్కింది.

"సోమరిపోతుల్లారా! వినోదం కోసం కొంప ముంచుకునే మూర్ఖుల్లారా!"

తిట్టు కదా, అందరికీ వినబడింది. అందరూ నవ్వారు. ప్రతివాడూ పక్కవాడిని చూసి, "భలే పెట్టింది వీడికి!" అనుకున్నాడు. ఆ జనాన్ని ఏమనాలో నాకే మాట దొరకడం లేదు.

చెంగల్వ వేదిక దిగింది. ఇంక ఒకటే దారి ఉంది. ముందు వరసలో నవ్వుతున్న తల్లి ఎదుట నిలబడింది.

"ఓబుళమ్మా! నిన్నే. ఎవర్నో కాదు. నీళ్ళ మీద బతికేదానివి, కట్ట కారడం చూసి కూడా ఎవడినో తిట్టి ఇంటికొచ్చావు. బిడ్డ ఏడుస్తుంటే వినలేదు. నీకు సిగ్గు లేదు!"

ఓబుళమ్మ నవ్వు ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. మెల్లగా తల పక్కకు వంచి వింది.

"ఆ నీళ్ళ చప్పుడేంటే? కట్ట దగ్గరేనా? ఎప్పట్నుంచి పిలుస్తున్నావే తల్లీ నన్ను?"

చెంగల్వ తల్లిని కరుచుకుని బావురుమంది. ఓబుళమ్మ కళ్ళు తుడుచుకుని పక్కనున్న కుమ్మరి వీరయ్య వైపు తిరిగింది. "అన్నా, కట్టమన్ను వదులైందని నీకు తెలుసు కదా. నాతోపాటు నవ్వుతూ కూర్చున్నావే!" వీరయ్య తల దించుకున్నాడు, చెవులు తెరుచుకున్నాయి. అతను మరొకరి వైపు తిరిగాడు. అలా ఒకరి తరవాత ఒకరు సిగ్గుపడుతూ మొత్తం ఊరు కట్ట మీదికి పరుగెత్తింది.

అక్కడ ప్రియంవద అప్పటికే మోకాలి లోతు బురదలో తట్ట మోస్తోంది. ఉద్దండుడూ కపటసోముడూ గట్టున నిలబడి, గండి ఎవరి వల్ల పడిందో వాదించుకుంటున్నారు. తట్ట మాత్రం ఒక్కడూ ముట్టుకోలేదు. జనం వాళ్ళను దాటుకుని మట్టి పోశారు. వాన కురిసేలోపు గండి పూడింది.

మర్నాడు కుండలు పెట్టారు. తిట్టేవాళ్ళిద్దరి ముందూ నిలబడి నవ్వేవాడు లేడు. ఓబుళమ్మ చింతగింజ పట్టుకుని ప్రియంవద దగ్గరకు వెళ్ళింది. కూతురు పక్కనే ఉంది.

"అమ్మగారూ, కట్ట పూర్తిగా బాగుచేయడానికి మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"కోట పనివాళ్ళను దించుతాను. నా మేడ పని ఆపేస్తాను."

"రేపు మీరు ఏలికయ్యాక కట్ట తెగితే, ఎవర్ని తిడతారు?"

ప్రియంవద కట్ట వైపు చూసింది.

"ముందు నా దగ్గరకే రండి. నన్నే అడగండి" అంది.

ఓబుళమ్మ చింతగింజ ఆమె కుండలో వేసింది.