దండ వేసిన సిలిండర్

"టార్గెట్ కొత్త జెట్ ఇంజన్ బ్లేడు. దేశం మొత్తమ్మీద ఒక్కటే ఉంది. ఈరోజు దాన్ని పేల్చేస్తారు," అన్నాడు చీఫ్ శివశంకర్. "పేల్చేవాడు మార్లో. కన్సల్టెంటు వేషంలో వచ్చిన విదేశీ గూఢచారి. ఇక అతని దగ్గర పనిచేస్తున్న రోహిణి సంగతి. ఆమెను మనలో చేర్చుకున్నది నువ్వు. ఆమె మన మనిషనడానికి నీ మాట తప్ప రుజువు లేదు. నమ్మొచ్చా?"

"ఇంకా తెలీదు సార్," అన్నాడు ఏజెంట్ హరికిరణ్.

జంషెడ్‌పూర్‌లో ఆరోజు విశ్వకర్మ పూజ. కార్ఖానాల్లో యంత్రాలు ఆపేస్తారు, పనిముట్లకు కుంకుమ పెడతారు, పనివాళ్ళ కుటుంబాలన్నీ లోపలికొచ్చి ప్రసాదం తింటాయి. గూఢచారులకు ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. హరికిరణ్ ఆ ఊళ్ళోని తెలుగువాళ్ళ పేట పర్సుడీహ్‌లో పుట్టి పెరిగినవాడే. బంతిపూల గోనెసంచి భుజాన వేసుకుని బ్లేడున్న కార్ఖానా గేటు దాటేశాడు. ఎవరూ తలెత్తి చూడలేదు.

స్ట్రాంగ్‌రూమ్ దగ్గర పట్టుచీరలో రోహిణి నిలబడి ఉంది. మెటలర్జిస్టు, అందగత్తె, అబద్ధాలకోరు. వీటిలో ఏది ముందో చెప్పడం కష్టం.

"కాసిడీహ్‌లో వాన పడిందా?" అని అడిగాడు.

"గొడుగు ఇంట్లోనే మర్చిపోయాను."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ లోపలికి అడుగుపెట్టగానే వెనక ఉక్కు తలుపు జారి మూసుకుంది. స్పీకర్లో మార్లో ఇంగ్లీషు వినబడింది. "థాంక్యూ రోహిణీ. ఇక నీతో పనిలేదు." ఆ వెంటనే కరెంటు పోయింది.

హరికిరణ్ పెన్‌టార్చ్ వేశాడు. బ్లేడు పెట్టె కింద, నేలకు బిగించిన బాంబు. దాని లోపలి హీటరు మెల్లగా వేడెక్కుతోంది. పైనున్న మీటరు ముల్లు ఎర్రగీత చేరితే పేలుతుంది. వైర్లు తెంపినా పేలుతుంది. గోడకు అవతలే పూజ షెడ్. పిల్లల కేరింతలు వినబడుతున్నాయి.

హరికిరణ్ వాచ్‌లోని లేజరుతో తలుపు కోయబోయాడు. తలుపు కాస్త మసిబారింది. వాచ్ ఆగిపోయింది.

"చల్లబరిచి చూద్దాం," అంది రోహిణి. "బాగా గడ్డకడితే బ్యాటరీ చచ్చిపోతుంది. హీటరూ ఆగుతుంది, ట్రిగ్గరూ ఆగుతుంది."

మూలన నిప్పులార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లున్నాయి. ఒత్తిడిలో ద్రవంగా అణిగి ఉన్న గ్యాసు బయటికొస్తూనే మంచుపొడి అయిపోతుంది. హరికిరణ్ ఒకటి ఎత్తాడు. చేతికి మరీ తేలిగ్గా వచ్చింది. రెండోదీ అంతే. అతనికి ఒళ్ళు మండిపోయింది.

కేబుల్ కోసం గోడలో వదిలిన కన్నం దగ్గర నోరుపెట్టి కేకేశాడు. అవతల ఒక కన్ను కనిపించింది.

"ఎవులు బాబూ లోపల? నాను ఫోర్‌మన్ ఆదిబాబుని."

"పోలీసుని. ఇక్కడ బాంబుంది. జనాన్ని పంపెయ్ అన్నా, తలుపు తియ్."

"పంపుతాను గానీ ఉన్నది ఒక్కటే గేటు, టైం పడతాది. తలుపెలాగ తీత్తాను? మెయిన్ ఫ్యూజులు ఎవడో పట్టుకుపోనాడు."

"సిలిండర్లన్నీ కాలీగా ఉన్నాయేటి?"

కన్ను కిందికి వాలింది. "నిన్న కూల్‌డ్రింకులు సల్లబెట్టినాం బాబూ. పూజకొచ్చినోల్లకి వేడి సీసాలెలాగ ఇత్తాం? ఏటేటా అలాగే సేత్తాం. మల్లీ నింపించేత్తాం."

"ఒక్కటీ మిగల్లేదా?"

"ఒక్కటుంది. దండేసి దేవుడి ముందర పెట్టినాం. పూజలో పెట్టింది నిమజ్జనం దాకా ముట్టకూడదు బాబూ. మా ఆడోల్లందరూ సూత్తన్నారు."

"అన్నా, విశ్వకర్మ కూడా పనోడే. పనికోసమే తీత్తన్నామని సెప్పు."

కన్ను మాయమైంది. ఆదిబాబు తెస్తాడో, దణ్ణం పెట్టుకుంటూ అక్కడే నిలబడిపోతాడో తెలీదు. గదిలో గాలి బరువెక్కింది. ముల్లు ఎర్రగీత పక్కకి వచ్చేసింది. హరికిరణ్‌కి నిజంగానే భయం వేసింది. రోహిణి చెయ్యి పట్టుకున్నాడు.

కన్నంలోంచి హోస్ లోపలికి జారింది, కొసకి రెండు బంతి రేకులు అంటుకుని. హరికిరణ్ సంచిలోని పూలు కుమ్మరించి బాంబు మీద గోనె కప్పాడు. పర్సుడీహ్‌లో చిన్నప్పుడు సీసాలు ఇలాగే చల్లబరిచేవాడు. గోనె లేకపోతే మంచు నిలవదు.

"ఈ గ్యాసు నేలమీదే పేరుకుంటుంది," అంది రోహిణి. "కింద ఉన్నవాళ్ళకి ఊపిరాడదు."

"మీరు ఆ గోడవార ఇనప రాక్ ఎక్కండి. అన్నా, కొట్టు."

గది గర్జించింది. తెల్లటి పొగ మోకాళ్ళు దాటి ఛాతీ దాకా లేచింది. గోనె కింద హోస్ అదిమిపట్టిన వేళ్ళు మొదట మండాయి, తర్వాత లేనట్టే అయిపోయాయి. ముల్లు తడబడి వెనక్కి పడిపోయింది. హీటరు మూలుగు ఆగింది. హరికిరణ్ అది విని పక్కకి ఒరిగిపోయాడు.

రాక్ మీదున్న రోహిణికి ఏ ప్రమాదమూ లేదు. కాస్త ఓపిక పడితే తలుపు తెరుచుకుంటుంది. ఆమె గుండెనిండా గాలి పీల్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని పొగలోకి దూకింది. అతన్ని ఈడ్చుకొచ్చి, హోస్ లాగేసిన కన్నానికి అతని ముఖం ఆనించింది.

మార్లో టాటానగర్ ప్లాట్‌ఫారం మీద దొరికాడు, సంచిలో ఫ్యూజులతో సహా. వాటిని తెచ్చి బిగించి తలుపు తెరిచాక హరికిరణ్ మెట్ల మీద కూలబడి దగ్గుతూ అడిగాడు.

"పైనే ఉండిపోవచ్చుగా?"

"మీరు పోతే నేను మీ మనిషినని చెప్పేదెవరు? జన్మంతా మార్లో మనిషిగానే మిగిలిపోదును."

"చెబుతానని ఎవరన్నారు? విచారణ అయ్యేదాకా రూలు రూలే."

జేబులోంచి బేడీలు తీసి ఆమెకు వేయబోయాడు. కొయ్యబారిన వేళ్ళతో ఎంత నొక్కినా పడలేదు. రోహిణి జాలిగా చూసి, తన మణికట్టుకి తనే వేసుకుంది.

"తాళంచెవి కోసం మాత్రం జేబులు వెతుక్కోకండి," అంది. "ఆ చేతులతో మీకెందుకు శ్రమ. అది నా దగ్గరే ఉంది."