బ్రైడీ నేల చూపులు

"నేలతో మాట్లాడే మనిషికి నేనెందుకు ఆంటీ? నేలనే రోగిగా పెట్టుకోమనండి!"

డెన్జిల్ కుర్చీ వెనక్కి తోసి బయటికొచ్చేశాడు.

ఆస్ట్రేలియాలోని వాగా యూనివర్సిటీలో ఫార్మసీ చివరి ఏడాది పిల్లలకు, అక్కడి ఆదివాసులైన విరాజురీ జనం మందుల షాపుకొస్తే ఎలా మాట్లాడాలో నేర్పే క్లాసు అది. నేర్పేది ఆ జనంలోని పెద్దావిడ, ఆంటీ డల్సీ. రోగులుగా నటించడానికి తన వాళ్లనే పిలుస్తుంది. సంతలో తేనె అమ్మే డెన్జిల్‌కి షుగర్ రోగి వేషం పడింది. ఎదుట కూర్చునేది బ్రైడీ, గొర్రెల ఫారం నుంచొచ్చిన తెల్ల పిల్ల.

ఆరు వారాలు ఆ పిల్ల మందు డబ్బాను చూసింది, గోడను చూసింది, తన బూట్లను చూసింది. అతన్ని మాత్రం చూడలేదు.

డెన్జిల్ లెక్కలో, సరుకు వైపు చూడనివాళ్లు రెండు రకాలు. ఒకరికి అది అక్కర్లేదు. ఇంకొకరికి మరీ కావాలి, ధర పెంచేస్తారని చూపు దాచుకుంటారు. ఈమె మొదటి రకమని తేల్చేశాడు. నల్లటి ఆదివాసీ ముఖం నచ్చలేదేమో. ఆ తీర్పులో నష్టం అతనికే. అతను మాత్రం ఆరు వారాలూ ఆమెనే చూశాడు మరి.

"వచ్చే వారం పరీక్ష," అంది ఆంటీ. "నువ్వు రాకపోతే ఆ పిల్లకి ఏడాది పోతుంది."

వచ్చాడు. బయట వాన.

"ఎలా ఉన్నారండీ?" బ్రైడీ టేబుల్ కాలునడిగింది.

"టేబుల్ బాగానే ఉంది. నా ముఖం చూడలేనంత ఘోరంగా ఉందా?"

ఆమె నోట్‌బుక్ తెరిచింది. మొదటి పేజీలోనే రాసుంది, విరాజురీ జనం కళ్లలోకి సూటిగా చూడరాదని. కింద ఎర్ర గీత. "చూడకుండా ఉండటం ఎంత కష్టమైందో మీకేం తెలుసు?"

ఆంటీ పగలబడి నవ్వింది. "సూటిగా చూస్తే నచ్చనిది మా పెద్ద మామయ్యకి పిల్లా! అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టేశావా? వీణ్ణి అడిగావా?"

"లేదు."

"మరి అడుగు."

బ్రైడీ నోట్‌బుక్ మూసేసింది. "మాది బూరోవా దగ్గర ఫారం. మీదెక్కడ? మీ వాళ్లెవరు?"

అడిగి ఊరుకుంది. 

డెన్జిల్ నటన మర్చిపోయాడు. నది వంపులో ఇల్లు, అందులో అమ్మమ్మ అంటూ చెప్పుకొచ్చాడు. ఒకసారి మందుల షాపులో ఆమె రోగం అందరి ముందూ గట్టిగా చెప్పారట. అప్పట్నుంచి మాత్రలు అయిపోయినా వెళ్లదు.

బ్రైడీ మధ్యలో అడ్డురాలేదు. చివర్లో, "ఆవిడకిష్టమైతే, విడిగా కూర్చుని మాట్లాడతాను," అంది.

ఆంటీ కాగితం మీద పాస్ అని రాసేసింది.

"చూడొచ్చా?" అడిగింది బ్రైడీ, ఈసారి మెల్లగా.

"చూడు."

చూసింది. డెన్జిల్ గబుక్కున తన బూట్లకేసి చూపు దించుకున్నాడు. లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడర్థమైంది. ఆమె రెండో రకం. తనూ అంతే.

"ఒరేయ్, నీకు మార్కులెవరేస్తారు?" అంది ఆంటీ. "ఆదివారం అమ్మమ్మ నిప్పుల మీద రొట్టె కాలుస్తుంది. ఈ పిల్లని తీసుకురా. చూసి ఆవిడే వేస్తుంది."

"రావొచ్చా?" బ్రైడీ అడిగింది, ఆంటీని కాదు.

"వానొచ్చినా సరే," అన్నాడు డెన్జిల్ తలెత్తి.