కువైట్‌లో లేని మనిషి

"చెయ్యి ఇట్లియ్యి మా... బిరీన!"

జీవిత తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళింది. కడప జైలులో ములాఖత్‌కు వెళ్ళినప్పుడు వేసిన నీలం ముద్ర జ్ఞానమణి మణికట్టు మీద ఇంకా చెరగలేదు. జీవిత సబ్బు రాసి పీచుతో రుద్దింది. చర్మం ఎర్రబడింది కానీ ముద్ర పోలేదు!

"మెల్లగమ్మే... నొప్పి ఉండాది."

"చెంగు కప్పుకో! అత్త చూసిందంటే నా కాపురం ఏమైతాదో!"

జీవిత తండ్రి దాసన్న కోయిలకుంట్ల పక్క పల్లెల్లో హక్కుల సంఘం నడిపేవాడు. ఆమె బడికి పోయే రోజుల్లోనే ఆయన రెండుసార్లు జైలుకు పోయాడు. "జైలు దాసన్న కూతురా!" అని పిల్లలు నవ్వేవారు. పెళ్ళయి రాజంపేట వచ్చినా ఆ నవ్వు ఆమెను వదల్లేదు... పోలీసు దెబ్బలకు చనిపోయిన ఒక కూలి మనిషి కోసం ధర్నా చేశాడని, ఆమె కడుపుతో ఉండగా ఆయన్ను మళ్ళీ పట్టుకుపోయారు. పోలీసులు తిరిగే ఇళ్ళంటే అత్త ఏసుమణికి గిట్టదు. "మీ నాయన రాలేదేమే?" అని ఆమె అడిగితే, "కువైట్‌కు పోయినాడత్తా" అనేసింది జీవిత. ఆ వీధిలో ఇంటికొకరు కువైట్‌లోనే ఉన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఈరోజు జీవితకు పుట్టిన ఆడబిడ్డకు పేరు పెట్టే ప్రార్థన. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలమీద కొంగులు వేసుకుని చాపల మీద కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు బిడ్డను దీవించాక ఏసుమణి ఎప్పటిలాగే అడిగింది. "అయ్యగారూ, కువైట్‌లో ఉండే మా దాసన్న కోసరం..."

"ప్రభువా! పరదేశపు ఎండల్లో కష్టపడుతున్న దాసన్నను కాపాడు. పని ఇచ్చే మంచి సేటును దయచేయి..."

జీవిత ఓరగా చూసింది. తల్లి ముద్ర ఉన్న చేతిని చెంగు కింద దాచుకుని, అందరికంటే గట్టిగా "ఆమెన్" అంది! ఎన్నడూ అబద్ధమాడని అమ్మ... దేవుడి ఎదుట... తన కోసం!

జీవిత చెవులు సిగ్గుతో మండాయి. తండ్రిని తలచుకుని కాదు... తనను చూసుకుని!

"అయ్యగారూ, ఇంకోసారి ప్రార్థన చేయండి. మా నాయన కువైట్‌లో లేడు. కడప జైల్లో ఉండాడు. చచ్చిపోయినోని కోసం అడిగినాడని లోపలేసినారు. అబద్ధం చెప్పింది నేను..."

ఏసుమణి ముఖం నల్లబడింది.

"ఎంత పని చేసినావే! ఇన్ని వారాలూ దేవుణ్ణి కువైట్‌కు పంపిస్తాంటి గదే నేను! పాపం, ఆయప్ప యాడని ఎతకల్ల?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఏసుమణి నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

"నేనంత రాతిమనిషినా నీకు? వదినా, నువ్వన్నా చెప్పగూడదా?"

జ్ఞానమణి తల వంచుకుంది. అయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకుని, ఈసారి కడప జైలు పేరు చెప్పి వేడుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. 

భోజనాలయ్యాక, ఉయ్యాల దగ్గర తల్లిని మెల్లగా అడిగింది.

"మా... నేను చెప్పిన మాట నాయనకు తెలుసా?"

"తెలుసు. నేనే చెప్పినా."

"ఏమన్యాడు?"

"నవ్వినాడు. 'అట్లయితే మనవరాలికి ఖర్జూరాలు తీసకపోవల్ల గదమ్మే, వట్టి చేతుల్తో ఎట్ల పోయేది?' అన్యాడు." జ్ఞానమణి మణికట్టు మీది ముద్రను తడుముకుంది. "ఆ తర్వాత మొగం పక్కకు తిప్పుకొని, కమ్మీలు పట్టుకొనే ఉండిపోయినాడు..."

జీవిత ఉయ్యాల తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నడవలోంచి అత్త గొంతు వినిపించింది.

"వదినా! చంటిబిడ్డను ఎత్తుకోని పోతే జైలు లోపలికి ఇడుస్తారా?"